దౌడుకు ముందు నడక: పశ్చిమ ప్రకాశం దారుల్లో గుర్రపు సాధన

లాయం నుంచి బయటికి తీసిన గుర్రాన్ని వెంటనే దౌడు పట్టించకూడదన్నది అశ్వవిద్యలో మొదటి నియమం. ముందు కాసేపు కళ్ళెం వదులుగా ఉంచి నడిపిస్తారు. తర్వాత తేలిక పరుగు, ఆ మీదట కుడికీ ఎడమకూ పెద్ద వలయాలు. గుర్రానికి ఒళ్లు కాగి, వీపు సడలి, మెడ కిందికి దిగి, రౌతు సైగలకు చెవి ఒగ్గడం మొదలయ్యాకే అసలు సాధన. నేటి పశువైద్యం కూడా సమర్థిస్తున్న ఈ పద్ధతికి దక్కనులో పాత చరిత్రే ఉంది. నల్లమల, వెలికొండల మధ్య ఉన్న త్రిపురాంతకం, మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమ ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన దారి. కాకతీయుల కాలం నుంచి ఈస్టిండియా కంపెనీ పాలన దాకా గుర్రపు దళాలు ఈ దారిన నడిచాయి. ఇక్కడి నేల మేలుజాతి గుర్రాలను పుట్టించలేదు. దూరదేశాల నుంచి బంగారం పోసి కొన్న గుర్రాన్ని పదికాలాలు నిలుపుకోవడమే ఇక్కడి రాజ్యాలకు పెద్ద సమస్య. సాధనకు ముందటి ఆ నెమ్మది నడకకు ఇంత విలువ రావడానికి మూలం అదే.

ఒళ్లు కాగడమంటే

విశ్రాంతిగా నిలబడి ఉన్న గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. నిండు దౌడులో అది 200 దాటుతుంది. పనిచేసే కండరాలకు నెత్తురు చాలినంతగా అందడానికి కొంత వ్యవధి కావాలి. గుర్రం శరీరంలో మరో విశేషం ప్లీహం. విశ్రాంతి వేళ ఎర్రకణాల్లో పెద్ద భాగాన్ని అది తనలో దాచుకుని, పని మొదలవగానే ముడుచుకుని నెత్తుటిలోకి వదులుతుంది. మామూలుగా నెత్తుటిలో 35 నుంచి 45 శాతం ఉండే ఎర్రకణాల వాటా, గట్టి పనిలో 60 శాతం దాకా పోతుంది. ప్రాణవాయువును మోసే శక్తి ఆ మేరకు పెరుగుతుంది. కాగిన కండరం త్వరగా సాగుతుంది, త్వరగా ముడుచుకుంటుంది. కీళ్లలోని జిగురు నీరు కదలికతో పరుచుకుంటుంది. ముంగాళ్ల వెనక నరాల్లా కనిపించే స్నాయువులు చల్లగా ఉన్నప్పుడు హఠాత్తుగా బరువు పడితే దెబ్బతింటాయి. ఒకసారి దెబ్బతిన్న స్నాయువు మానడానికి నెలలు పడుతుంది, మానినా మునుపటి బలం రావడం కష్టం.

ఈ నడకలో జీను సంగతి కూడా తేలుతుంది. నడుము పట్టీ బిగించేటప్పుడు చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. పది నిమిషాలు నడిచేసరికి పొట్ట తగ్గి పట్టీ వదులవుతుంది. అప్పుడు దిగి మళ్లీ బిగించకపోతే మలుపులో జీను పక్కకు జారుతుంది, లేదా ఒకచోటే రాసుకుని వీపు పుండు పడుతుంది. అనుభవమున్న రౌతు ఈ నడకలోనే గుర్రాన్ని పరీక్షిస్తాడు. ఏ కాలు కుంటుతోంది, ఏ వైపు తిరగడానికి మొరాయిస్తోంది, ఊపిరి ఎలా ఉంది, డెక్కలో రాయి ఇరుక్కుందా అన్నది అక్కడే బయటపడుతుంది. గులకరాళ్లు, పలకరాళ్లు పరిచినట్టుండే మార్కాపురం నేల మీద ఈ చివరి పరీక్ష మరీ అవసరం.

ఈ మెట్టు దాటేసి నేరుగా పనిలోకి దించితే వచ్చే జబ్బుల్లో ఘోరమైనది కండరాలు బిగుసుకుపోవడం. రోజుల తరబడి కట్టేసి, గింజ మేత తగ్గించకుండా పెట్టి, ఒక్కసారిగా పనికి తీస్తే పిరుదుల కండరాలు రాయిలా గట్టిపడతాయి. గుర్రం అడుగు వేయలేక చెమటలు కక్కుతుంది. మూత్రం కాఫీ రంగుకు మారుతుంది. ఆదివారం సెలవు తర్వాత బండి గుర్రాలకు ఇలా కావడం చూసి ఐరోపాలో దీన్ని సోమవారపు జబ్బు అన్నారు.

శాస్త్రాల్లో గుర్రపు నడక

మన పాత శాస్త్రాల్లో గుర్రపు నడకల లెక్క చాలా సూక్ష్మంగా ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో అశ్వాధ్యక్షుని విధులకు ఒక అధ్యాయమే కేటాయించారు. సవారీ గుర్రానికి నేర్పవలసిన గతులు అక్కడ ఐదు: వలయంగా తిరిగే వల్గనం, నెమ్మది నడకైన నీచైర్గతం, దూకుడైన లంఘనం, పరుగైన ధోరణం, సైగను బట్టి కదిలే నారోష్ట్రం. వీటిలో వల్గనానికి ఆరు భేదాలు, లంఘనానికి ఏడు, ధోరణానికి ఎనిమిది చెప్పి, నెమ్మది నడకకు మాత్రం పదహారు చెప్పారు. సాధనలో అడుగు నడకకు ఎంత చోటు ఇచ్చారో ఈ లెక్కే చూపుతుంది. గుర్రాలకు రోజూ రెండుసార్లు స్నానం, ఆశ్వయుజ నవమినాడు నీరాజనం కూడా ఆ గ్రంథంలోని నియమాలే.

అమరకోశం అశ్వగతులను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలుగా చెప్పింది. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్ది తొలి భాగంలో రూపొందించిన మానసోల్లాసంలో గుర్రాలను తిప్పి పరీక్షించే మైదానం, అంటే వాహ్యాళి, రాజు చూడదగిన వినోదాల్లో ఒకటి. తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణ విలాసం ఈ పరంపరలోదే. గుర్రాల మంచిచెడ్డలు తెలుసుకోవలసిన వారు సంస్కృత పండితులు మాత్రమే కాదు గనుక దేశభాషలో అలాంటి గ్రంథం అవసరమైంది.

త్రిపురాంతకం, కాయస్థులు

శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరున్న త్రిపురాంతకం, పశ్చిమ ప్రకాశంలో గుర్రపు దళాల చరిత్రకు మొదటి మజిలీ. కాకతీయ గణపతిదేవుని కొలువులో గుర్రపు దళ నాయకుడిగా ఎదిగిన గంగయ సాహిణి 13వ శతాబ్ది నడుమ పానుగల్లు నుంచి కడప సీమ దాకా విస్తరించిన పెద్ద భూభాగాన్ని వల్లూరు రాజధానిగా ఏలాడు. ఆయన వంశాన్ని కాయస్థులంటారు. సాహిణి అన్న పదవి రాజు లాయాలను, గుర్రపు దళాన్ని చూసే అధికారిది. సామంత కుటుంబంలో పుట్టడం వల్లనే గాక, ఇలాంటి కొలువు వల్ల కూడా ఒకడు మండలాధిపతి కాగల కాలమది. గుర్రాన్ని తెలిసినవాడికి రాజ్యంలో ఎంత విలువ ఉండేదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అదే వంశానికి చెందిన అంబదేవుడు రుద్రమదేవి మీద తిరుగుబాటు చేసి స్వతంత్రుడయ్యాడు. 1290 నాటి ఆయన విజయ శాసనం త్రిపురాంతకంలో ఉంది. ఆ తర్వాత కొద్దికాలానికే ప్రతాపరుద్రుని సేనలు ఈ ప్రాంతాన్ని తిరిగి పట్టుకున్నాయి. కృష్ణకు దక్షిణంగా ఓరుగల్లు పంపే సేనకైనా, వల్లూరు నుంచి ఉత్తరానికి కదిలే సేనకైనా నల్లమల అంచున ఉన్న ఈ మైదానమే దారి. గుర్రపు దళానికి అడవి పనికిరాదు, మేత, నీరు ఉన్న మైదానం కావాలి.

నలభై రోజుల లాయం

సాధన లేని సవారీ ఏం చేస్తుందో దాదాపు అదే కాలపు సాక్ష్యం ఒకటి దక్షిణాది నుంచే దొరుకుతుంది. 14వ శతాబ్ది తొలినాళ్ల పారశీక చరిత్రకారుడు వస్సాఫ్, తమిళ తీరంలోని మాబారుకు ఏటా 10,000 గుర్రాలు ఓడల్లో దిగేవని, ఒక్కో గుర్రం ధర 220 బంగారు దీనార్లని రాశాడు. అక్కడ వాటిని మోకులతో, మేకులతో నలభై రోజులు లాయంలో కట్టేసి బలిసేదాకా మేపుతారని, తర్వాత ఏ శిక్షణా లేకుండా, అంకవన్నెలు (రికాబులు) కూడా లేకుండా సైనికులు వాటిని దయ్యాల్లా తోలుతారని, మెరుపులాంటి గుర్రాలు కొద్దికాలంలోనే నీరసించి మొద్దుబారి పనికిరాకుండా పోతాయని ఆయన వర్ణన. అంతకు కొన్నేళ్ల ముందు అదే తీరాన్ని చూసిన మార్కో పోలో కూడా అక్కడ గుర్రపు వైద్యులు లేరని, గుర్రాలను చూసుకునే తెలివి లేక చాలా భాగం చచ్చిపోతాయని రాశాడు.

వ్యాపారి దేశస్థులైన ఈ రచయితల మాటల్లో కొంత అతిశయం ఉండవచ్చు. మార్కో పోలో చెప్పినట్టు వండిన అన్నం, మాంసం కలిపి పెట్టడం నిజమైతే మేత లోపం కూడా తోడైనట్టే. కానీ వస్సాఫ్ చెప్పిన క్రమం, అంటే కట్టేయడం, బలిపించడం, హఠాత్తుగా తోలడం, కండరాలు బిగుసుకునే జబ్బుకు నేటి పశువైద్యులు చెప్పే కారణాలతో అచ్చంగా సరిపోతుంది. డెక్కలోపల వాపు వచ్చే జబ్బుకూ అధిక గింజ మేత ఒక కారణమే. గుర్రాలు త్వరగా చస్తే వ్యాపారికి లాభం, కొనే రాజుకు ఖజానా ఖాళీ. పోలో మాట కూడా ఇదే: వైద్యులను ఆ దేశానికి పోనివ్వకుండా వ్యాపారులే ఆపుతారని ఆయన ఆరోపించాడు.

విజయనగరపు లాయాలు

విజయనగర కాలంలో ఈ సీమ కంభం, మార్కాపురం కేంద్రాలుగా రాయల ఏలుబడిలో ఉంది. గుండ్లకమ్మ మీది కంభం చెరువును కృష్ణదేవరాయల దేవి, ఒడిశా గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. ఉదయగిరి దుర్గం దీనికి దక్షిణాన, కొండవీడు తూర్పున. 1513లో మొదలైన ఉదయగిరి ముట్టడి, 1515 నాటి కొండవీటి విజయం ఈ సీమను సేనల నడిబొడ్డున నిలిపాయి. ఆనాటి మూడు పెద్ద రాజ్యాలను అశ్వపతి, గజపతి, నరపతి అని పిలిచేవారు. అశ్వపతులంటే ఉత్తరాన ఉన్న సుల్తానులు. వారి గుర్రపు దళాన్ని ఎదుర్కోవాలంటే నరపతులైన రాయలకు గుర్రాలు తప్పనిసరి.

గుర్రాల కోసం విజయనగరం చేసిన ఖర్చుకు పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాతలే సాక్ష్యం. సాళువ నరసింహరాయలు హొర్ముజ్, ఏడెన్ గుర్రాలను వెయ్యి బంగారు పర్దావులకు మూడు చొప్పున, బతికినా చచ్చినా కొనేవాడట. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు, సొమ్ము ముట్టేది. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొని మేలైనవి తన లాయంలో ఉంచుకుని మిగతావి నాయకులకు ఇచ్చేవాడని కూడా నూనిజ్ రాశాడు. గుర్రాలను, ఏనుగులను తెచ్చే విదేశీ వర్తకులకు ఊళ్లు, ఇళ్లు ఇచ్చి ఆదరించాలని, ఆ సరుకు శత్రువుకు చేరనివ్వరాదని ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో రాయలు స్వయంగా చెప్పాడు.

కొన్న గుర్రాన్ని నిలుపుకోవడానికి మనుషులను ఎలా పెట్టారన్నది నూనిజ్ ఇచ్చిన మరో లెక్కలో కనిపిస్తుంది. రాజు సొంత లాయంలో ఎప్పుడూ 500 గుర్రాలు, వాటిని చూసే పనివాళ్లు 1,600 మందికి పైగా, శిక్షకులు 300 మంది. అంటే ఒక్కో గుర్రానికి ముగ్గురు పనివాళ్లు, ప్రతి ఐదు గుర్రాలకు ముగ్గురు శిక్షకులు. ఇంతమంది ఉన్నచోట ప్రతి గుర్రాన్నీ రోజూ చేత్తో పట్టి నడిపించడం, తిప్పడం కుదిరే పని. మాబారు లాయానికీ విజయనగరపు లాయానికీ ఇదే తేడా.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన మరో పోర్చుగీసు యాత్రికుడు పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారకముందే చేసే సాధనను వరసగా చెప్పాడు. ముందు నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, మట్టితో చేసిన బరువులు ఎత్తి, కత్తి తిప్పి, నూనె అంతా చెమటగా కారేదాకా కసరత్తు. తర్వాత ఒక మల్లునితో కుస్తీ. ఇంత అయ్యాకే గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ తెల్లారేదాకా దౌడు. ఆ తర్వాత స్నానం. రాజు ఒళ్లు కాగాకే గుర్రం మీదికి చేరేవాడన్నమాట. గుర్రం ఎక్కేవాడి నడుము, తొడలు పట్టేసి ఉంటే ఆ బిగువంతా గుర్రపు వీపు మీదే పడుతుంది గనుక అశ్వవిద్యలో రౌతు ఒంటికీ లెక్క ఉంది. వేళ కూడా గమనించదగ్గది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతాల్లో గుర్రపు సాధన పొద్దెక్కకముందే ముగియాలి. వేడికి అలవాటుపడని విదేశీ గుర్రాల్లో కొన్నింటికి చెమట పట్టడమే ఆగిపోతుంది. అలాంటి గుర్రం కొద్దిపాటి పనికే రొప్పుతూ నిలబడిపోతుంది.

లాయంలో దినచర్య

దక్కను లాయాల్లో పని వరస శతాబ్దాల తరబడి పెద్దగా మారలేదు. వేకువన లేవగానే గొరపంతో ఒళ్లంతా గోకి దుమ్ము, ఊడిన వెంట్రుకలు తీయడం మొదటి పని. తర్వాత మాలీసు. గడ్డి చుట్టతో, అరచేతులతో కండరాలను గట్టిగా రుద్ది తట్టే ఈ పని ఒంటిని శుభ్రం చేయడంతో ఆగదు. చర్మం కింద నెత్తురు పారించి నడకకు ఒంటిని సిద్ధం చేస్తుంది. డెక్కలు ఎత్తి, లాడం మేకులు చూసి, సందుల్లోని రాళ్లు తీసేస్తారు. గింజ మేత, అంటే ఎక్కువగా ఉడికించిన ఉలవలు, సాధనకు ముందు పెట్టరు. నిండు కడుపు ఊపిరితిత్తులకు అడ్డం. పని ముగిసి, చెమట ఆరి, ఊపిరి కుదురుకున్నాకే నీళ్లు, ఆ తర్వాత గుగ్గిళ్లు.

నడక మెత్తని నేల మీద మొదలవుతుంది. ఏటి ఇసుక, చెరువు నీరు తగ్గిన నేల, దున్ని వదిలిన పొలం అందుకు అనువు. లోతు ఇసుకలో మాత్రం మొదటే తిప్పితే స్నాయువులు బెణుకుతాయి గనుక గట్టి అంచున నడిపించి తర్వాత ఇసుకలోకి దించుతారు. వలయాలు మొదట పెద్దవి, క్రమంగా చిన్నవి. మనుషుల్లాగే గుర్రాలకూ ఒక పక్క వాటం ఉంటుంది. వాటం లేని పక్కకు తిరగడానికి మెడ బిగబడతాయి. అందుకే రెండు వైపులా సమంగా తిప్పుతారు. ఫ్రాన్సులో లా గెరినియేర్ 1733 నాటి తన గ్రంథంలో గుర్రపు భుజాన్ని లోపలికి వంచి పక్కగా నడిపించే కసరత్తును వర్ణించాడు. శరీరం రెండు పక్కలా సమంగా సడలాలన్న ఆ కసరత్తు లక్ష్యం వాహ్యాళిలో వలయాలు తిప్పిన దక్కను శిక్షకుని లక్ష్యం కంటే వేరు కాదు.

సొంత గుర్రం, సర్కారు గుర్రం

విజయనగరం పతనమయ్యాక గోల్కొండ, మొగలులు, కడప నవాబులు, హైదర్, టిప్పు, నిజాము ఈ సీమకు వరసగా హక్కుదారులయ్యారు. మరాఠా, నిజాం సైన్యాల్లో గుర్రం రౌతు సొంతమైతే అతన్ని సిలేదారు అనేవారు. యజమాని గుర్రాన్ని ఎక్కేవాడు బార్గీరు. సిలేదారుకు గుర్రం చస్తే జీతమూ పోయినట్టే. అందుకే యుద్ధంలో సైతం సొంత గుర్రాన్ని మరీ ముందుకు తోలడన్న ఫిర్యాదు సేనానులకు ఉండేది. అదే మనిషి వేకువన గుర్రాన్ని నడిపించి, రుద్ది, మేత చూసుకోవడంలో లోపం రానిచ్చేవాడు కాదు.

1800 ఒప్పందంతో నిజాము ఈ సీమను కంపెనీకి వదిలేశాడు. అలా కంపెనీకి వచ్చిన దత్తమండలాల ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా గుడారాల్లో మకాం వేస్తూ జిల్లాలు తిరిగాడు. అప్పట్లో కడప కింద ఉన్న కంభం, మార్కాపురం తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాలో కలిశాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా అక్కడే ఉన్నాయి. కంపెనీ తొలి దశకాల్లో గుర్రపు వేగం ఎంత భయపెట్టగలదో 1816 మార్చిలో పిండారీ దోపిడీ దండులు చూపించాయి. గుంటూరు మీద పడి దోచుకుని, కంపెనీ దళాలు కూడుకునేలోపే వెనుదిరిగాయి.

కంపెనీ మద్రాసు గుర్రపు దళాలకు అరబ్బీ, పారశీక గుర్రాలతో పాటు 19వ శతాబ్దిలో ఆస్ట్రేలియా నుంచి వేలర్లనే గుర్రాలు వచ్చాయి. తెలుగువారు ఎక్కువగా ఉన్న హోసూరు పక్కనే మత్తిగిరిలో సైన్యానికి గుర్రాలను సిద్ధం చేసే డిపో వెలిసింది. అక్కడ సాధన లిఖిత నియమాల్లోకి మారింది. దళం మజిలీ విడిచాక మొదట నడక, పావుగంట తర్వాత ఆగి జీనులు, నడుము పట్టీలు చూసుకోవడం, అప్పుడు పరుగు, మజిలీ చేరేముందు మళ్లీ నడక. నంద్యాల వైపు నుంచి నంది కనుమ దాటి గిద్దలూరులో దిగినా, దోర్నాల మీదుగా శ్రీశైలం ఎక్కినా ఈ వరసకు కారణం ఒకటే. చల్లని ఒంటితో ఎత్తు ఎక్కిన గుర్రం వెనకకాళ్లు, దిగిన గుర్రం ముంగాళ్లు చెడగొట్టుకుంటుంది.

గుర్రం తప్పుకున్నాక

19వ శతాబ్ది చివరి దశకాల్లో నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్, వినుకొండల మీదుగా మీటరుగేజి రైలు వచ్చింది. సేనలకు, సర్కారు ఉద్యోగులకు గుర్రం మెల్లగా అవసరం లేకపోయింది. 20వ శతాబ్దిలో మోటారు బస్సు మిగతా పని పూర్తి చేసింది. తెలుగు నేలన గుర్రపు సాధన నేడు రోజువారీగా సాగేది హైదరాబాద్ మలక్‌పేట రేసు మైదానం వంటి కొద్ది చోట్లే. అక్కడ కూడా వేకువన గుర్రాలను ముందు చేత్తో పట్టి తిప్పి, తేలిక పరుగు పెట్టించాకే దౌడుకు వదులుతారు.

పశ్చిమ ప్రకాశంలో పశువును పోటీకి తీర్చే విద్య ఒంగోలు గిత్తల దగ్గర నిలిచి ఉంది. ఉగాదికి, శివరాత్రికి, తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీల్లో గిత్తలను పళ్ల లెక్కన విభాగాలు చేసి, నిర్ణీత సమయంలో ఎంత దూరం బండను లాగాయో కొలుస్తారు. పోటీకి నెలల ముందు నుంచే నడక, చెరువులో ఈత, తేలిక బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచే సాధన, ఉలవల మేత ఉంటాయి. పోటీ రోజున బరిలోకి దించేముందు జతను అటూ ఇటూ నడిపించి, ఒళ్లు రుద్ది, కాడికి కుదిరాకే బండకు కడతారు. గిత్త జత ధర లక్షల్లో ఉంటుంది. కాలు బెణికితే ఆ పెట్టుబడి పోతుంది కాబట్టి ఈ సిద్ధతలో ఏ రైతూ తొందరపడడు.